నెత్తురు చుక్కలో ఈసుడు రోగపు జాడ

ఆరు, ఏడు నెలల చూడి గేదె ఉన్నట్లుండి దూడను ఈసుకొనిపోయినచో, కాలు జారి పడినదనియో, మరొక పశువు పొడిచినదనియో, దిష్టి తగిలినదనియో అనుకొని సరిపెట్టుకొను రైతులు నేటికిని కలరు. ఒక్కొక్కప్పుడు అది నిజముగా దెబ్బ వలననే జరిగియుండవచ్చును. కాని నెల తిరుగకముందే అదే కొట్టములో రెండవ పశువు, ఆ వెనుక పొరుగువాని పశువు అట్లే ఈసుకొనిపోయినచో, అది దెబ్బ కాదు, దిష్టి కాదు. అది అంటురోగము. దానికే బ్రూసెల్లోసిస్ లేక ఈసుడు రోగమని పేరు.

ఈ రోగము వలన రైతునకు దూడ పోవును, ఆ యీత పాలు పోవును. ఒక్కొక్కప్పుడు పశువు మరల చూడి కట్టక తిరుగుచుండును. ఇంతతో పోక, పచ్చిపాలు త్రాగిన వారికిని, మాయను ఒట్టి చేతులతో తీసిన వారికిని ఇది అంటుకొనును. ఇట్టి రోగమును కంటితో చూచి కనిపెట్టుట కష్టము. నెత్తురును పరీక్షించియే కనిపెట్టవలెను. ఆ పరీక్ష ఎట్లు జరుగును, అందు నానో పద్ధతులు తెచ్చిన మార్పు ఏమి, ఫలితమును ఎంతవరకు నమ్మవచ్చును అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

రోగ స్వభావము

ఆవులలోను, గేదెలలోను ఈ రోగమును ముఖ్యముగా బ్రూసెల్లా అబార్టస్ అను సూక్ష్మజీవి కలిగించును. చూడి పశువు గర్భసంచిలోను, మాయలోను ఇది విపరీతముగా పెరుగును. సాధారణముగా అయిదవ నెల దాటిన తరువాత పశువు ఈసుకొనిపోవును. మాయ వెంటనే పడక నిలిచిపోవుటయు కద్దు. పడిన పిండములోను, మాయలోను, గర్భసంచి నుండి కారు ద్రవములోను సూక్ష్మజీవులు కోట్ల కొలది ఉండును. వాటితో తడిసిన గడ్డి మేసిన పశువునకు, ఆ నీరు త్రాగిన పశువునకు రోగము అంటును.

ఇందు రైతును మోసగించు విషయమొకటి కలదు. ఒకసారి ఈసుకొనిపోయిన పశువు పెక్కుసార్లు తరువాతి చూడిని నిలుపుకొని, నెలలు నిండిన దూడనే ఈనును. దానితో “రోగము కుదిరినది” అని రైతు సంతోషించును. కాని ఆ పశువు పాల ద్వారాను, ఈనునప్పుడు మాయ ద్వారాను సూక్ష్మజీవులను విడుచుచునే ఉండవచ్చును. చూపునకు నిగనిగలాడు పశువే మందకంతటికి ముప్పు తెచ్చును.

మాల్టా దీవి నేర్పిన పాఠము

ఈ మాటకు చరిత్రలో మంచి నిదర్శనము కలదు. మధ్యధరా సముద్రమునందలి మాల్టా దీవిలో బ్రిటిషు సైనికులకు వచ్చుచుపోవుచుండు జ్వరమొకటి పట్టి పీడించెడిది. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు దానికి కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించెను. ఆయన పేరు మీదనే దానికి బ్రూసెల్లా అను పేరు వచ్చినది. కాని అది మనుష్యులకు ఎక్కడి నుండి వచ్చుచున్నదో చాలకాలము తెలియలేదు. 1905లో ఆ దీవి వైద్యుడే అయిన తెమిస్టొక్లీస్ జమ్మిత్ మేకల నెత్తురును పరీక్షించెను. ఏ జబ్బును లేనట్లు కనబడు మేకల నెత్తురులో రోగపు గుర్తు బయటపడినది. అవి ఇంటింటికి పాలిచ్చు మేకలు. 1906లో సైనికులకు ఆ మేకపాలను మానిపించగా వారిలో జ్వరము బాగుగా తగ్గిపోయినది.

మేకలను చూచి తెలియనిది నెత్తురును చూచి తెలిసినది. నేటి పరీక్షలన్నింటికిని మూలము ఇదే.

నెత్తురులో వెదకునది ఏమి?

పశువు శరీరములోనికి శత్రువు ప్రవేశించినప్పుడు, దానిని పట్టుకొనుటకై శరీరము ఒక విధమైన మాంసకృత్తులను తయారుచేయును. వీటికి ప్రతిరక్షకములని పేరు. ప్రతి తాళమునకు దాని తాళపుచెవి వేరైనట్లు, ఒక్కొక్క రోగపు సూక్ష్మజీవికి తగిన ప్రతిరక్షకము వేరుగా ఉండును. గాలికుంటు ప్రతిరక్షకము ఈసుడు రోగపు సూక్ష్మజీవిని పట్టుకొనదు. కనుక ఈసుడు రోగపు ప్రతిరక్షకము నెత్తురులో కనబడినచో, ఆ పశువు ఎప్పుడో ఆ సూక్ష్మజీవిని గాని, దాని టీకాను గాని ఎదుర్కొన్నదని అర్థము.

నెత్తురును పరీక్ష నాళికలో తీసి కదల్పక ఉంచినచో గడ్డ కట్టి, పైన లేత పసుపు రంగు నీరు తేరును. దీనిని సీరము అందురు. లీటరు సీరములో మొత్తము మీద 60 నుండి 80 గ్రాముల వరకు మాంసకృత్తులుండును. అందు మనకు కావలసినది బహు స్వల్పము. బస్తాడు బియ్యములో ఒక్క రంగు గింజను వెదకుట వంటి పని ఇది. చేతితో ఏరినచో కాదు. ఆ గింజను మాత్రమే పట్టు ఉపాయము కావలెను.

పాత పరీక్షలు

1897లో రైట్, స్మిత్ అను వైద్యులు ఈ జ్వరమునకు సీరము పరీక్షను కనిపెట్టిరి. చంపిన సూక్ష్మజీవులను రోగి సీరముతో కలిపినప్పుడు, ప్రతిరక్షకములు వాటిని ఒకదానితో నొకటి ముడివేయగా, విరిగిన పాలవలె ముద్దలు కట్టును. నేడు పశువైద్యశాలలలో చేయు రోజ్ బెంగాల్ పరీక్షయు ఇట్టిదే. గులాబి రంగు వేసిన సూక్ష్మజీవుల ద్రవమును, సీరమును సమానముగా పలకపై కలిపి, నాలుగు నిమిషములు మెల్లగా కదలింతురు. సన్నని పలుకులు కట్టినచో రోగమున్నదని అనుమానింతురు. పాలకు వేరొక పరీక్ష కలదు. రంగు వేసిన సూక్ష్మజీవులను పాలలో కలిపి ఉంచినచో, మీగడతో పాటు పైకి తేలి నీలి వలయముగా ఏర్పడును. ఇది ముఖ్యముగా ఆవుపాలకు ఉపయోగింతురు.

ఈ పరీక్షలు చౌకయైనవి, మంచివి. కాని సీరమును వేరుచేయవలెను, ద్రవమును చల్లగా నిలువచేయవలెను, ముద్దలను గుర్తించుటకు చేయితిరిగినవారు కావలెను. 1971లో వచ్చిన ఎలిసా పరీక్ష మరింత సున్నితమైనది. అయితే దానికి ప్రయోగశాల కావలెను. కొట్టము వద్దనే నిలబడి చేయదగిన పరీక్ష కొరకు నానో పద్ధతులు వచ్చినవి.

నానో అనగా నేమి?

మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో ఒక భాగమునకు నానోమీటరు అని పేరు. తలవెంట్రుక మందము సుమారు 80 వేల నుండి లక్ష నానోమీటర్లు. ఈసుడు రోగపు సూక్ష్మజీవి పొడవు 600 నుండి 1500 నానోమీటర్లు. ప్రతిరక్షకము సుమారు 10 నానోమీటర్లు మాత్రమే. ఇంత చిన్న వస్తువును పట్టుటకు అంత చిన్న పనిముట్టు కావలెను గదా!

చిన్నదగుట వలన మరియొక లాభము కలదు. అన్ని వైపుల ఒక సెంటీమీటరు గల ఘనపు ముక్కను తీసికొనుడు. దాని పై భాగములన్నియు కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ముక్కలుగా కోసినచో వేయి ముక్కలగును. వాటి పై భాగములు 60 చదరపు సెంటీమీటర్లగును. 10 నానోమీటర్ల ముక్కలుగా చేయగలిగినచో 600 చదరపు మీటర్లగును. అనగా వ్రేలి గోరంత ముక్కలో సుమారు 15 సెంట్ల నేల ఇమిడియున్నట్లు. ఆ నేలయంతయు మాంసకృత్తులను పట్టు గాలములు నాటుటకు పనికివచ్చును. నానో పరీక్షలు కొద్దిపాటి సీరముతోనే పనిచేయుటకు ఇది ఒక ముఖ్య కారణము.

బంగారు రేణువుల పట్టీ

బంగారము పసుపు రంగని అందరికి తెలియును. కాని దానిని 20, 40 నానోమీటర్ల రేణువులుగా చేసి నీటిలో కలిపినచో ఆ నీరు ఎర్రగా కనబడును. 1857లోనే మైకేల్ ఫారడే అను ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇట్టి ఎర్రని బంగారు ద్రవములను గురించి వ్రాసెను. పసుపు, సున్నము కలిసి పారాణి యగుట వలె ఇది రసాయనిక మార్పు కాదు. రేణువు మిక్కిలి చిన్నదగుటచే వెలుగులోని పచ్చని భాగమును మ్రింగి, ఎరుపును మిగుల్చును.

ఈ ఎర్రని రేణువులే పట్టీ పరీక్షకు ప్రాణము. గర్భనిర్ధారణకు మందుల షాపులలో అమ్ము పట్టీని పెక్కుమంది చూచియుందురు. ఈసుడు రోగపు పట్టీయు అట్టిదే. దాని పనితీరు ఇట్లుండును:

1. పట్టీ యొక్క ఒక కొనపై ఒకటి రెండు చుక్కల సీరమును, కొన్ని రకములలో నెత్తురును వేసి, పైన ద్రావణపు చుక్కలు వేయుదురు.

2. ఆ తడి వత్తిలో నూనె ప్రాకినట్లు ముందుకు ప్రాకును. దారిలో ఎండి ఉన్న బంగారు రేణువులను కలుపుకొని పోవును. ఆ రేణువులకు ప్రతిరక్షకములను పట్టు పదార్థము అంటించబడి ఉండును.

3. పట్టీ నడుమ ఒక గీత వద్ద ఈసుడు రోగపు సూక్ష్మజీవి పదార్థమును ముందే అంటించియుందురు. నెత్తురులో దాని ప్రతిరక్షకము ఉన్నచో అది ఇటు గీతను, అటు బంగారు రేణువును పట్టుకొని నిలిచిపోవును. లక్షల రేణువులు ఒకచోట చేరగా ఎర్రని గీత కంటికి కనబడును.

4. మరికొంత దూరమున రెండవ గీత కలదు. ఇది పట్టీ సరిగా పనిచేసినదని తెలుపు సాక్షి గీత. రోగమున్నను లేకున్నను ఇది కనబడి తీరవలెను.

కనుక రెండు గీతలు కనబడినచో అనుమానింపవలెను. సాక్షి గీత ఒక్కటే కనబడినచో ప్రతిరక్షకము దొరకలేదని అర్థము. సాక్షి గీత రాకున్నచో, రెండవది వచ్చినను రాకున్నను, ఆ పట్టీ చెల్లదు; మరియొక పట్టీతో పరీక్షింపవలెను. కరపత్రములో చెప్పిన నిమిషములకే చూడవలెను. గంట గడచిన తరువాత కనబడు మసక గీతను లెక్కలోనికి తీసికొనరాదు.

ప్రయోగశాలలో తీగె పద్ధతి

ఇంతకంటె సున్నితమైన పద్ధతులు కూడ కలవు. జీవపదార్థమును గాలముగా చేసి, అది పట్టిన దానిని విద్యుత్తుగానో, వెలుగుగానో మార్చి చూపు పనిముట్టును బయోసెన్సరు అందురు. 1962లో లేలండ్ క్లార్క్ అను అమెరికను శాస్త్రవేత్త చూపిన మార్గమే చక్కెర వ్యాధి గలవారు నేడు వాడు పరికరమునకు దారితీసినది. 2001లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చార్లెస్ లీబర్ బృందము నానోమీటర్లలో కొలువదగిన సిలికాను తీగెతో మాంసకృత్తిని గుర్తించెను. తీగెపై నాటిన గాలమునకు మాంసకృత్తి తగులుకొనగానే, దానియందలి విద్యుదావేశము వలన తీగెలో ప్రవహించు కరెంటు మారును. 2005లో అదే బృందము కాన్సరు గుర్తులైన మాంసకృత్తులను సీరములో కనిపెట్టెను.

అయితే ఇందొక చిక్కు కలదు. నెత్తురు ఉప్పగా నుండును. ఆ ఉప్పు మాంసకృత్తి విద్యుదావేశమును కప్పివేయును. అందుచేత ముందుగా సీరములోని ఉప్పును తీసివేయవలసి వచ్చును. అంతేగాక కావలసిన మాంసకృత్తి కంటె ఎన్నో రెట్లు అధికముగా నున్న ఇతర మాంసకృత్తులు తీగెకు పాచివలె పట్టుకొనును. ఇట్టి చిక్కుల వలననే తీగె పద్ధతి కంటె బంగారు పట్టీ ముందుగా పల్లెకు చేరినది. పరికరము ఎంత సున్నితమైనదైనను, నెత్తురు వంటి చిక్కని ద్రవములో నిలిచి పనిచేయుటయే దానికి అసలు పరీక్ష.

ఫలితమును ఎట్లు అర్థము చేసికొనవలెను?

ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. ఏ పరీక్షయు నూటికి నూరుపాళ్లు సరియైనది కాదు. లెక్క కొరకు ఒక పరీక్ష నూరు రోగపు పశువులలో 95 టిని పట్టుననియు, నూరు మంచి పశువులలో రెండింటిని పొరబాటున రోగములో చేర్చుననియు అనుకొందము.

ఒక గ్రామములో 500 పశువులుండగా అందు 10 టికి రోగమున్నదనుకొనుడు. పరీక్ష వాటిలో తొమ్మిదింటినో, పదింటినో పట్టును. మిగిలిన 490 మంచి పశువులలో నూటికి రెండు చొప్పున సుమారు 10 టికి కూడ గీత వచ్చును. అనగా గీత వచ్చిన ఇరువదింటిలో సగము మంచి పశువులే! అదే గ్రామములో 100 పశువులకు రోగమున్నచో, 95 నిజమైనవి, 8 పొరబాటువి. అప్పుడు గీత మాట చాలవరకు నమ్మదగినది. పరీక్ష ఒకటే, పట్టీ ఒకటే. గ్రామములో రోగము ఎంత యున్నదను దానిని బట్టి గీత విలువ మారును.

కనుక ఒక్క పట్టీని చూచి పాడిపశువును అయినకాడికి తెగనమ్ముకొనరాదు. పట్టీ జల్లెడ వంటిది. జల్లెడలో నిలిచిన దానిని ప్రయోగశాలలో ఎలిసా వంటి రెండవ పరీక్షతో రూఢి చేసికొనవలెను.

అట్లే గీత రాలేదని పూర్తిగా నమ్మరాదు. రోగము అంటిన తరువాత ప్రతిరక్షకము తగినంత తయారగుటకు కొన్ని వారములు పట్టును. ఇప్పుడే ఈసుకొనిపోయిన పశువులో గీత రాకపోవచ్చును. మూడు, నాలుగు వారముల తరువాత మరల పరీక్షింపవలెను.

టీకా సంగతి కూడ మరువరాదు. ఈసుడు రోగమునకు వాడు ఎస్ 19 టీకా సజీవ టీకా. ఇది వేసిన పెయ్యలలో కొంతకాలము ప్రతిరక్షకములుండును. నాలుగు నుండి ఎనిమిది నెలల లోపల వేసినచో అవి క్రమముగా తగ్గిపోవును. ముదిరిన పశువునకు వేసినచో చాలకాలము నిలిచి పరీక్షను తికమక పెట్టును. టీకా వేసిన తేదీని చెవిబిళ్ళ యొక్క 12 అంకెల సంఖ్యతో పాటు వ్రాసియుంచుకొనుట ఇందుకే.

చూడి నిర్ధారణకు కూడ

నెత్తురులోని మాంసకృత్తిని వెదకు పద్ధతి రోగమునకే పరిమితము కాదు. చూడి పశువు మాయ నుండి కొన్ని ప్రత్యేక మాంసకృత్తులు నెత్తురులోనికి వచ్చును. ఆవులలో సూది వేయించిన 28 రోజుల తరువాత వీటిని పరీక్షించి చూడి కట్టినదో లేదో చెప్పవచ్చును. కట్టని పశువును ముందే తెలిసికొన్నచో తరువాతి ఎద దాటిపోకుండ జాగ్రత్తపడవచ్చును. అయితే ఈనిన పశువులో పాత చూడి తాలూకు మాంసకృత్తి రెండు మూడు నెలలు మిగిలియుండవచ్చును. తొలి దినములలో పిండము పోవుటయు కలదు. కనుక తరువాత పశువైద్యునిచే చేతి పరీక్ష కూడ చేయించుట మంచిది.

రైతులు చేయవలసినవి

1. ఈసుకొనిపోయిన పశువును వెంటనే వేరుగా కట్టి, పశువైద్యునికి కబురు పంపవలెను.

2. పిండమును, మాయను ఒట్టి చేతులతో ముట్టరాదు. కుక్కలకు వేయరాదు, కాలువలో పారవేయరాదు. కుక్కలు త్రవ్వలేనంత లోతున సున్నము చల్లి పాతిపెట్టవలెను. తడిసిన గడ్డిని కాల్చి, నేలను మందునీటితో కడుగవలెను. గర్భిణీ స్త్రీలను ఈ పనులకు పంపరాదు.

3. నెత్తురును పశువైద్య సిబ్బందియే తీయవలెను. తీసిన నాళికను కుదుపక, ఎండలో ఉంచక, చెవిబిళ్ళ సంఖ్య వ్రాసి పంపవలెను. పట్టీ పొట్లమును వాడునప్పుడే విప్పవలెను. గడువు తేదీ దాటినది పనికిరాదు.

4. సంతలో కొన్న పశువును నెల దినములు వేరుగా ఉంచి, మొదట ఒకసారి, చివర ఒకసారి పరీక్షింపచేసి మందలో కలుపవలెను.

5. ఆడ దూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయసున, జీవితములో ఒక్కసారి టీకా వేయించవలెను. చూడి పశువులకును, మగ దూడలకును వేయింపరాదు. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము ఈ వయసు ఆడ దూడలకే టీకాను ఉద్దేశించినది.

6. పాలను పొంగువచ్చువరకు కాచియే త్రాగవలెను. విడువక వచ్చుచుపోవు జ్వరము, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు ఉన్నచో వైద్యునికి తమకు పశువులున్నవని తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట వలన సరియైన పరీక్ష, సరియైన మందు త్వరగా లభించును. మనుష్యులకు ఈ రోగమునకు టీకా లేదు. వారముల తరబడి మందులు వాడవలెను.

7. రోగము రూఢియైన పశువును సంతకు తోలరాదు, ఊరి ఆబోతుతో కలుపరాదు. పశువులకు దీనిని పూర్తిగా కుదుర్చు అనుకూలమైన చికిత్స లేదు. పశువైద్యుని సలహాపై వేరుగా ఉంచి పోషింపవలెను.

గ్రామాధికారుల బాధ్యత

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టపు పట్టికలో బ్రూసెల్లోసిస్ చేరియున్నది. అనుమానము గల యజమాని గ్రామాధికారికి గాని, పంచాయితీకి గాని తెలుపవలెను. వారు దగ్గరి పశువైద్యునికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఈసుకొనిపోయిన పశువుల లెక్క ఒక పుస్తకములో తేదీతోను, చెవిబిళ్ళ సంఖ్యతోను వ్రాసియుంచిన గ్రామములో రోగము ఎటు నుండి ఎటు ప్రాకుచున్నదో తేలికగా తెలియును.

రోగమున్నదని చెప్పిన రైతును ఊరు వెలివేసినట్లు చూడరాదు. అట్లు చూచినచో రెండవ రైతు చెప్పక దాచును; దాచిన రోగమే ఊరంతటికి ప్రాకును. బంగారు రేణువు ఎంత చిన్నదైనను దాగియున్న రోగమును బయటపెట్టగలదు. బయటపడిన దానిని అరికట్టుట మాత్రము పట్టీ పని కాదు. అది రైతు పని, ఊరి పని. ఈ ఏడు పుట్టిన ప్రతి ఆడ దూడ ఎనిమిది నెలలు దాటకముందే టీకా పొందునట్లు చూచుటతో ఆ పనికి పూనుకొందురు గాక.